సర్దార్ ముత్యం కొరియా సంతకం

మా బాయిలో ఛార్జిషీట్లు టైపు చేసేది నేనే. కాగితం మీద గని అని రాస్తాం, నోటితో బాయి అంటాం. నా పేరు సంపత్. మేనేజరు ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా క్లర్కును. డ్యూటీ ఎగ్గొట్టినవాళ్ళ మీద, తాగి వచ్చినవాళ్ళ మీద, ఒకరి హాజరు మస్టరు ఇంకొకరితో పడేయించుకున్నవాళ్ళ మీద కొన్ని వందల ఛార్జిషీట్లు కొట్టాను. నమూనా కంప్యూటర్లోనే ఉంటుంది. పేరు మారుస్తాను, తారీఖు మారుస్తాను, కారణం దగ్గరున్న ఖాళీ నింపుతాను. ఆ ఖాళీలో "కొరియా భాషలో సంతకం చేసినందుకు" అని కొట్టింది మాత్రం ఒక్కసారే. అది ముత్యం కాక మీద.

ముత్యం కాక మైనింగ్ సర్దారు. షిఫ్టు మొదలవగానే పనివాళ్ళకంటే ముందు ఆయన లోపలికి పోవాలి. వాళ్ళు పనిచేయబోయే చోట పైకప్పును కర్రతో తట్టి చూడాలి. గట్టిగా మోగితే మంచిది, డొల్లగా మోగితే ఊతం పెట్టించాలి. గాలి ఎలా ఉందో చూడాలి. అన్నీ బాగున్నాయనుకుంటే పక్క గోడ మీద సుద్దముక్కతో తారీఖు వేసి సంతకం పెట్టాలి. ఆ సంతకం ఉంటే లోపలికి పోవచ్చని అర్థం. ఇరవై రెండేళ్ళు ఆయన పెట్టిన సంతకం ఒకటే అక్షరం, "ము".

మనిషి నోటి నుంచి మాట రావడం కష్టం. పెళ్ళికి పిలిస్తే వస్తాడు, అక్షింతలు వేస్తాడు, తింటాడు, పోతాడు. యూనియన్ ఎలక్షన్లలో రెండు వైపులవాళ్ళూ ఆయన ఓటు తమదే అనుకుంటారు, ఎందుకంటే ఎవరికీ ఏమీ చెప్పడు. ఆయన భార్య సారక్క మా ఇంటికి వచ్చినప్పుడల్లా మా ఆవిడ దగ్గర ఒకటే గోడు. "కొట్లాడుదామన్న అవుతల మనిషుండాలె గదనే. గోడతోని ఎంతసేపు కొట్లాడుదు?" అంటుంది. షిఫ్టు అయ్యాక అందరూ స్నానం చేసి ఆటోలు పట్టుకుంటే, ఈయన మాత్రం ఇంకో అరగంట, టోపీ దీపాలు ఇచ్చి పుచ్చుకునే లాంపు రూము కిటికీ దగ్గర నిలబడేవాడు. ఎందుకు నిలబడతాడో నేను ఎన్నడూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదని నా నమ్మకం.

ఇలాంటి మనిషికి ఇంకో భాష కావాల్సి వచ్చింది. ఉన్న భాషే వాడనివాడికి కొత్తది ఎందుకని నేను మొహం మీదే అన్నాను. ఆయన నవ్వాడు.

మొదలుపెట్టింది ఆయన మనవరాలు హర్షిణి. కూతురి బిడ్డ. ఇంటర్ చదవడానికి జూన్‌లో గోదావరిఖనికి, తాత క్వార్టరుకు వచ్చింది. వస్తూ వస్తూ నున్నటి మొహాల కొరియా కుర్రాళ్ళ బొమ్మ ఒకటి తెచ్చి ముందుగదిలో అంటించింది. సారక్క ఆ బొమ్మను వారం రోజులు పరీక్షగా చూసి, "గింత పెద్దోళ్ళయిండ్రు, ఒక్కనికన్న మీసం మొలవలేదేందే?" అని అడిగింది. పిల్ల తలుపు వేసుకుంది.

సాయంత్రాలు పిల్ల ఫోనులో కొరియా సీరియళ్ళు చూసేది, తెలుగు మాటలు అతికించినవి. ఫస్టు షిఫ్టు నుంచి వచ్చిన తాత పక్కన కూర్చుని చూసేవాడు. మొదట పిల్ల కోసం చూశాడు. తర్వాత తన కోసం చూశాడు. ఒకరోజు ఆఫీసుకు వచ్చి, ఏదో సొంత ఊరి కబురు చెప్పినట్టు చెప్పాడు.

"వాళ్ళు అచ్చం మన లెక్కనే సంపతూ. పెద్దోళ్ళను పేరు పెట్టి పిలువరు. అన్న, అక్క, మామ అంటరు. పెద్దోళ్ళ ముంగట సారా తాగాల్సొస్తె మొకం అటు తిప్పుకొని తాగుతరు. కనపడంగనే బువ్వ తిన్నవా అని అడుగుతరు."

నేను ఆయన్ని చూసినప్పటి నుంచి ఒక్క ఊపులో అన్ని మాటలు అనడం అదే మొదలు. అందుకే నాకు గుర్తుండిపోయింది.

ఆగస్టుకల్లా హర్షిణికి ఎంట్రన్సు కోచింగు మొదలైంది. బొమ్మ గోడ మీద నుంచి దిగిపోయి, దాని చోటికి ఫార్ములాల కాగితం వచ్చింది. పిల్లకు వచ్చిన పిచ్చి పిల్లకు తగ్గింది. తాతకు తగ్గలేదు. ఆ పాత బొమ్మను మడత పడకుండా చుట్టి, బీరువాలో తన సర్వీసు కాగితాల పక్కన పెట్టుకున్నాడు.

అప్పటికి ఆయన రిటైర్‌మెంటుకు ఆరు నెలలుంది. ఫిబ్రవరి ఆఖరు. మా దగ్గర రిటైర్‌మెంటు అంటే ఒక పద్ధతి ఉంది. నెలాఖరున బాయి ఆఫీసు ముందు షామియానా వేస్తారు. ఇంటివాళ్ళు పట్టుబట్టలు కట్టుకొని వస్తారు. దండ, శాలువా, మిక్చరు పొట్లం, సమోసా. తర్వాత దిగిపోయేవాడి చేతికి మైకు ఇస్తారు. కొందరు ఏడుస్తారు. కొందరు ముప్పై ఏళ్ళ కిందటి మేనేజరు మొదలుకొని అందరి పేర్లూ చదువుతారు. ఒకాయన గంటంబావు మాట్లాడితే కరెంటు తీసి ఆపాల్సి వచ్చింది. ఏది ఏమైనా మైకు పట్టుకోకుండా ఎవరూ ఇంటికి పోరు. ముత్యం కాక గుండెలో రాయి పడిందీ ఇక్కడే. పైకప్పు కూలుతుందంటే భయపడని మనిషి, ఆ మైకును తలుచుకొని ఆగస్టు నుంచే నిద్ర చెడగొట్టుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఫోను ఆయనకు ఒక వీడియో చూపించింది. కొరియాలో ఏదో బొగ్గుబాయి మూసేస్తున్నారు. ఆఖరి షిఫ్టు పైకి వస్తోంది. నల్లటి మొహాలు, టోపీకి దీపాలు, చేతిలో బువ్వ డబ్బాలు. బాయి మొగదల, అంటే లోపలికి దిగే దారి ముందు టీవీ వాళ్ళు, బ్యాండు. ముందు వచ్చిన ఒక ముసలాయన దగ్గరికి ఒక అమ్మాయి పోయి మైకు పెట్టింది. ఆయన అమ్మాయిని చూడలేదు. వెనక్కి తిరిగి బాయి మొగదల వైపు చూసి రెండు ముక్కలు అన్నాడు. అంతే. అమ్మాయి ఇంకేమీ అడగకుండా నిలబడిపోయింది. ఆయన నోరు తెరిచినప్పుడే బ్యాండు అందుకుంది. కింద పడే అక్షరాల్లో ఆ రెండు ముక్కల దగ్గర "సంగీతం" అని మాత్రం వచ్చింది.

ఆ వీడియో పట్టుకొని నా టేబులు దగ్గరికి వచ్చాడు.

"సంపతూ, గీయన ఏమంటుండో జర చెప్పు."

"నాకేం తెలుసు కాకా? అది ఇంగ్లీషు సుత కాదు."

"ఎర్కే. గాని సదువుకున్నోనివి గద."

చదువుకున్నందుకు నాకు అలాంటి శిక్షలు చాలా పడ్డాయి. అయినా పది సార్లు విన్నాను. బ్యాండు చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. "అందరికి ధన్యవాదాలు అన్నట్టుండు తియ్" అన్నాను, ఊరుకుంటాడని.

"ధన్యవాదాలు చెప్పేటోడు గట్ల ఎనుకకు తిరిగి చూస్తడా?"

నేను ఫోను తిరిగిచ్చేశాను.

"గాయనకు సుత ఆఖరు దినమే," అన్నాడు ముత్యం కాక. "మైకు పెట్టిండ్రు. రెండు ముక్కలల్ల చెప్పి ఊకున్నడు. గా రెండు ముక్కలేందో తెలిస్తె నాకు సాలు. నేను సుత గదే అని దిగిపోత."

అలా ఆయన కొరియా భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. హర్షిణి తన నోటుబుక్కులో అక్షరాలు రాసిచ్చింది. పదిహేను రోజుల్లో అవి పట్టేశాడు. మేమిద్దరం పోయే షేర్ ఆటోలో ముందుసీటులో కూర్చొని పెదవులు కదిలిస్తుంటే, ఆటో నడిపే అస్గర్ వారం రోజులు ఓపిక పట్టి నన్ను పక్కకు పిలిచాడు. "సంపత్ భాయ్, ముత్యం భాయ్‌కు దవాఖాన్ల చూపించరాదూ? పొద్దుగాల నుంచి తనల తనే మాట్లాడుతుండు" అన్నాడు. కొరియా అని చెప్తే ఇంకా ఫికర్ పడ్డాడు. ఆ తర్వాత రోజు నుంచి ఆటో ఎక్కగానే "ఏం భాయ్, బువ్వ తిన్నవా?" అని కొరియాలో అడగడం అస్గరూ నేర్చుకున్నాడు. ఫైవింక్లైన్ చౌరస్తా నుంచి మా బాయి దాకా ఇద్దరూ ఆ ఒక్క ముక్కే పదిసార్లు అడుక్కునేవాళ్ళు. మిగతా ప్యాసింజర్లు నా వైపు చూసేవాళ్ళు, నేనేదో బాధ్యుణ్ణయినట్టు.

అక్టోబరులో పదాలు నేర్చాడు. నవంబరులో తొమ్మిది రోజులు కూర్చొని మూడు వాక్యాలు తయారుచేసి ఆ వీడియో కింద పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే అవి ఇవి: నేను ఇండియాలో బొగ్గుబాయి పనివాణ్ణి. నాకు అరవై ఏళ్ళు. ఆ పెద్దాయన ఏమన్నాడో దయచేసి చెప్పండి. ఎవరూ జవాబు ఇవ్వలేదు. రోజూ రెండుసార్లు చూసుకునేవాడు. "వాళ్ళకు డ్యూటీలుంటయ్ గద" అని వాళ్ళ తరఫున తనే సర్దిచెప్పుకునేవాడు.

ఇక ఛార్జిషీటు సంగతి. చేయి తిరగాలంటే రోజూ రాయాలి. నోటుబుక్కు నిండింది. ఇంట్లో గోడ మీద రాస్తే సారక్క ఒప్పుకోదు. జేబులో సుద్దముక్క మాత్రం ఎప్పుడూ ఉంటుంది. డిసెంబరు పదిహేడు, ఫస్టు షిఫ్టు. ఒక చోట పైకప్పు తట్టి, గాలి చూసి, అంతా బాగుందనుకొని, తారీఖు వేసి, దాని పక్కన "ము" అని కొరియాలో రాసి, ఇంకో చోటు చూడ్డానికి పోయాడు.

కొరియా "ము" ఎలా ఉంటుందో నాకిప్పుడు కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఒక డబ్బా. దాని కింద ఒక అడ్డగీత. గీత మధ్యలోంచి కిందికి ఒక పుల్ల.

అక్కడికి పనికి రావలసింది ఐదుగురి జట్టు. వాళ్ళకు పెద్ద జైపాల్. గోడ మీద తారీఖు చూశాడు, పక్కన సంతకం లేదు, డబ్బా ఉంది. డబ్బాకు వత్తిలా పుల్ల ఉంది. ఐదుగురూ చర్చించుకున్నారు. నిన్నటి షిఫ్టులో పెట్టిన మందుగుండు పేలకుండా లోపల మిగిలిపోయిందనీ, పోవద్దని సర్దారు గుర్తు వేశాడనీ తీర్మానించారు. వెనక్కి వచ్చి మలుపు దగ్గర కూర్చున్నారు. ఎలాగూ కూర్చున్నాం కదా అని బువ్వ డబ్బాలు తెరిచారు.

సరిగ్గా ఆ రోజే పైనుంచి సేఫ్టీ తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. పొద్దున తొమ్మిదిన్నరకు ఐదుగురు మనుషులు పప్పన్నం తింటూ కనిపించారు. ఎందుకని అడిగితే డబ్బా చూపించారు. ముత్యం కాకను పిలిపించారు. ఆయన టార్చి వేసి చూసి, "నా సంతకమే సార్" అన్నాడు.

"ఇదే భాష?"

"కొరియా సార్."

అధికారి జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడట. అట్నుంచి అటే ముత్యం కాకను వెంటబెట్టుకొని పైకి వచ్చి, నేరుగా మేనేజరు రూములో నిలబెట్టాడు. నేను కంప్యూటరు ముందు కూర్చొని ఖాళీలో ఏం కొట్టాలా అని పది నిమిషాలు ఆలోచించాను.

విచారణ మూడో రోజు జరిగింది, అప్పటిదాకా ముత్యం కాకను లోపలికి దిగనివ్వలేదు. వాంగ్మూలాలు టైపు చేసింది నేనే. మేనేజరు మంచివాడు, కానీ నవ్వు రాకుండా ఉండడానికి పేపర్ వెయిట్ గట్టిగా పట్టుకొని కూర్చున్నాడు.

"ఎందుకు చేసిండ్రు?"

"చెయ్యి తిరుగుతదేమో అని సార్."

"అది పనివాళ్ళ ప్రాణాలకు సంబంధించిన గుర్తు. తెలుసు కదా?"

"తెలుసు సార్. ఇరవై రెండేండ్ల సంది పెడుతున్న. ఎన్నడు ఎవ్వలు గా రాత సంగతి ఎత్తలే. గది ఎవ్వలు చూస్తరని నేను అనుకోలే."

మేనేజరు జైపాల్ వైపు తిరిగాడు. జైపాల్ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ముత్యం కాకకు అన్యాయం చేస్తున్నానేమో అన్న భయం వాడి మొహంలో కనపడుతోంది. అయినా ఉన్నది చెప్పాడు.

"రోజు చూస్తం సార్. బువ్వ డబ్బా దించకముందే చూస్తం. గా 'ము' కనపడకుంటె అడుగు ఎయ్యం."

ముత్యం కాక ఒక్కసారిగా వాడి వైపు తిరిగాడు. మేనేజరు ముందున్నాడన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"రోజు చూస్తర్రా?"

"చూడమా కాకా? నీ రాత చూసే గద లోపటికి పోతున్నం. మాపటికి ఇంటికి పోతున్నం."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గు పడ్డాడు, సంతోషపడ్డాడు, రెండూ ఒకేసారి వచ్చాయి. ఛార్జిషీటు ఎదురుగా పెట్టుకొని అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. అవన్నీ టైపు చేసే వీలు నమూనాలో లేదు. "ఉద్యోగి తన తప్పును అంగీకరించాడు" అని కొట్టాను.

మేనేజరు రిటైర్‌మెంటు దగ్గరున్న మనిషికి నష్టం చేయదలచుకోలేదు. గట్టి హెచ్చరికతో సరిపెట్టి, మిగిలిన రోజులు సర్ఫేసు డ్యూటీ వేశాడు. సర్ఫేసు అంటే నేల మీద పని. దాని కోసం మా దగ్గర నడుం నొప్పి అని, ఆయాసం అని కాగితాలు పట్టుకొని ఏళ్ళ తరబడి తిరుగుతారు. అడగకుండా వచ్చిందని బాయి బాయంతా ముత్యం కాకకు శుభాకాంక్షలు చెప్పింది. నేనూ చెప్పాను. ఆయన కుర్చీ లాక్కొని నా ఎదురుగా కూర్చున్నాడు.

"అంటె నేను ఇగ లోపటికి పోనా?"

"పోవు కాకా. ఫికర్ లేదు."

"మరి ఆఖరుసారి పైకొచ్చింది ఏనాడు?"

"డిసెంబరు పదిహేడు."

"గా దినం ఏమైంది?"

"ఏమైతది? సంతకం గొడవైంది."

"గది కాదు. నేను పైకొచ్చినంక ఏమైంది? యాదికొస్తలేదు."

నాకెలా తెలుస్తుంది? లాంపు రూములో శోభను అడగమన్నాను. శోభ వాళ్ళ నాన్నకు ఆరోగ్యం చెడి పని చేతకాకపోతే ఆయన బదులు ఉద్యోగంలోకి వచ్చిన పిల్ల. లోపలికి పోయే ప్రతి మనిషికీ టోపీ దీపం ఇస్తుంది, పైకి వచ్చాక తిరిగి తీసుకొని, దాని నంబరు ఉన్న గూట్లో ఛార్జింగుకు పెడుతుంది. ఏ గూడు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలున్నట్టు. ఇద్దరం కలిసే పోయాం.

"గా దినం నువ్వు జల్దిల ఉన్నవ్ కాకా," అంది శోభ. "ఎనుక సారున్నడు. దీపం కిటికీల పెట్టి ఆఫీసుల పడ్డవ్. రోజు అడిగేది గా ఒక్కనాడే అడగలే."

"అడగలేదా?"

"లే."

ఆయన మొహం చిన్నబోయింది. ఏమి అడిగేవాడని నేను అడిగితే శోభే చెప్పింది. అందరు పైకొచ్చిండ్రా అని అడిగేవాడట. ఖాళీ గూళ్ళు లేవని ఆమె చెప్పాకే ఇంటికి పోయేవాడట. అరగంట నిలబడేది అందుకు. ఆయన కొత్తగా సర్దారయిన ఏడాది ఒక సాయంత్రం అడగకుండా ఇంటికి పోయాడని, ఆ రోజు ఒక దీపం తిరిగి రాలేదని, ఆ తర్వాత చాలా రోజులకు నాకు వేరేవాళ్ళు చెప్పారు. ఆయన చెప్పలేదు. పద్నాలుగేళ్ళు ఆ కిటికీకి ముప్పై అడుగుల దూరంలో కూర్చొని నేను ఈ సంగతి తెలుసుకోలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

జనవరి నెల ఆయన లాంపు రూము పక్కన స్టూలు వేసుకొని, పాత దీపాల బెల్టులు తుడుస్తూ గడిపాడు. కొరియా పుస్తకం ముట్టుకోలేదు. అస్గర్ కొరియాలో బువ్వ సంగతి అడిగితే తెలుగులో "తిన్న" అనేవాడు. అస్గర్ నాతో, "పిచ్చి ఉన్నప్పుడే మంచిగుండె భాయ్" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

జనవరి ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం ఫోను చేతిలో ఎత్తి పట్టుకొని ఆఫీసులోకి వచ్చాడు. వీడియో కింద జవాబు వచ్చింది. రాసింది ఒకావిడ. ఆ ముసలాయన ఆమె మామగారట. "పెద్దయ్యా, ఆలస్యమైనందుకు మన్నించండి" అని మొదలుపెట్టిందట. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతూ వచ్చి, ఒక చోట ఆగాడు.

"తా ఒల్లావన్నా," అన్నాడు. "గదే సంపతూ. గా రెండు ముక్కలు."

"అంటె?"

"అందరు పైకొచ్చిండ్రా అని."

 ఆరు నెలలు, ఒక నోటుబుక్కు, ఒక ఛార్జిషీటు. నేనేదో పెద్ద మాట ఉంటుందనుకున్నాను. "గంతేనా?" అన్నాను.

"గంతే." మిగతాది కూడా చదివి చెప్పాడు. "మామగారు ముప్పై ఏండ్లు రోజు గదే అడిగెటోడట. టీవీ పిల్ల మీకు ఎట్లనిపిస్తుందని అడిగితె గది గాయన చెవులనే పడలేదట. ఎనుక ఇంక కొందరు రావాల్సుండెనట."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి లాంపు రూము వైపు తిరిగాడు.

"గాయన అడిగి దిగిపోయిండు," అన్నాడు. "నేను అడగకుండ దిగిపోయిన."

 రిటైరయ్యేవాళ్ళకు చెప్పే ఓదార్పు మాటలు నాకు చాలా వచ్చు. ఒక్కటీ పనికిరాలేదు. టీ తెప్పించాను.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, శనివారం. ఆ నెల మా బాయిలో రిటైరయ్యేది ఆయన ఒక్కడే. ఫస్టు షిఫ్టు పైకి వచ్చే వేళకు షామియానా నిండింది. సారక్క ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొని వచ్చింది. హర్షిణి కోచింగు ఎగ్గొట్టి వచ్చి ఫోను పట్టుకొని ముందువరసలో నిలబడింది. అస్గర్ ఆటో పక్కన ఆపి దానికి బంతిపూల దండ కట్టాడు, ఇంటిదాకా తనే తీసుకుపోతానని. మేనేజరు మాట్లాడాడు. యూనియన్ వాళ్ళు మాట్లాడారు. దండ వేశారు, శాలువా కప్పారు. ఆ తర్వాత మేనేజరు మైకు ఇస్తూ, "ముత్యం గారు మనకోసం కొరియాలో రెండు ముక్కలు మాట్లాడతారు" అన్నాడు. అందరూ ఈలలు వేశారు. కుర్రాళ్ళు ఫోన్లు తీశారు. వాళ్ళంతా వచ్చింది అందుకే.

ముత్యం కాక మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు. జనం వైపు చూడలేదు. పక్కకు తిరిగి లాంపు రూము వైపు చూశాడు.

"తా ఒల్లావన్నా?" అన్నాడు.

చప్పట్లు మోగాయి. నవ్వులు. మేనేజరు కూడా చప్పట్లు కొట్టాడు. అయిపోయిందనుకొని ఒకతను మైకు తీసుకోవడానికి చేయి చాచాడు. ముత్యం కాక ఇవ్వలేదు.

"శోభా," అన్నాడు మైకులోనే. "ఫస్టు షిఫ్టు అందరు పైకొచ్చిండ్రా?"

నవ్వులు ఆగిపోయాయి. లాంపు రూము కిటికీలోంచి శోభ తల బయటికి పెట్టింది. మళ్ళీ లోపలికి పోయింది. గూళ్ళు చూసుకుంటోందని నాకు తెలిసింది. తిరిగి వచ్చి గట్టిగా అరిచింది.

"ఇంక ఇద్దరు రావాలె కాకా."

ఆయన తలూపాడు. మైకు పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. సన్మానం మధ్యలో ఎదురుచూడ్డం అనేది మా పద్ధతుల్లో లేదు. మేనేజరు గడియారం చూసుకొని కుర్చీలో కూర్చున్నాడు. సారక్క గుసగుసగా, "కాళ్ళు గుంజుతయ్, కూసో" అంది. ఆయన కూర్చోలేదు. పాతవాళ్ళు ఒక్కొక్కరే లేచి బాయి మొగదల వైపు తిరిగి నిలబడ్డారు. వాళ్ళను చూసి కుర్రాళ్ళు ఫోన్లు దించారు. కాసేపటికి కూర్చున్నది మేనేజరు ఒక్కడే, ఆయనా లేచాడు. నూట ఇరవై మంది, చేతుల్లో సమోసాలు పట్టుకొని, ఒకే వైపు చూస్తూ నిలబడ్డాం. నాకు లోపల భయం మొదలైంది. ఏమీ జరిగి ఉండదని తెలుసు. అయినా భయం వేసింది. ఆయన ఈ భయంతో ప్రతి సాయంత్రం ఆ కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడ్డాడన్నమాట.

పదకొండు నిమిషాలకు ఇద్దరు మనుషులు బయటికి వచ్చారు. జైపాల్, వాడి వెనక వాడి జట్టులో ఉన్న భూపాల్. మిషను దగ్గర ఏదో కేబులు సర్దుతూ ఆలస్యమయిందట. మెట్లెక్కి వచ్చేసరికి బాయంతా పండగ బట్టల్లో నిలబడి తమనే చూస్తుంటే ఇద్దరూ బిత్తరపోయారు.

"ఏమైందే?" అన్నాడు జైపాల్.

శోభ కిటికీలోంచి చేయి చాచింది. ఇద్దరూ టోపీల నుంచి దీపాలు విప్పి కిటికీలో పెట్టారు. శోభ వాటిని తీసుకుపోయి గూళ్ళల్లో పెట్టింది. పెట్టి, కిటికీ దగ్గరికి వచ్చింది. 

"వచ్చిండ్రు కాకా. అందరొచ్చిండ్రు."

"సరె," అన్నాడు ముత్యం కాక. మైకు మేనేజరు చేతికి ఇచ్చి, శాలువా తీసి భుజాన వేసుకొని, సారక్క వైపు తిరిగాడు.

"పా, ఇంటికి పోదాం."